రెండో గడి

ఫారంలో ఈ చోటికొచ్చేసరికి
పెన్ను ప్రతిసారీ కాస్త ఆగుతుంది.
వివాహిత. అవివాహిత.
గోరంత గడులు రెండు.
పదమూడేళ్లు ఆ రెండోదాంట్లోనే గడిపాను.
కాపురమే అనాలి.

అమ్మ స్టాక్టన్‌లో ఎవరెవరి ముసలివాళ్లకో స్నానాలు పోయిస్తూ
నా పేర అర్జీ పెట్టిన రోజుకి
నాకు ఇరవై ఏడు.
"పెళ్లి మాత్రం చేసుకోకు మారిబెల్,
చేసుకుంటే కాగితం చచ్చిపోతుంది" అంది ఫోన్లో,
ఉయ్యాల్లో పసిగుడ్డు గురించి చెప్పినట్టు.

ఆ కాగితాన్ని పెంచాం.

నెలకోసారి వాళ్లొక తేదీ ప్రకటిస్తారు.
అది నా తేదీ దాకా నడిచి రావాలి.
ఒక నెల వారం కదులుతుంది,
ఒక నెల అసలు కదలదు,
ఒక వానాకాలం మాత్రం
పద్నాలుగు నెలలు వెనక్కి వెళ్లిపోయింది,
ఏదో మరిచిపోయి ఇంటికెళ్లిన మనిషిలా.
రోదెల్ ఆ రాత్రి ఏమీ అనలేదు.
జీప్నీ ఇంజన్ విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు.
దానికే రోగమూ లేదు.

రోదెల్ గురించి చెప్పాలి.
నా ఏ ఫారంలోనూ అతను లేడు.
మంచానికి ఎడమవైపు ఉంటాడు.
నాన్న చివరి ఏడాది మలమూత్రాలెత్తినవాడు,
శవపేటికకు తలవైపు భుజం పట్టినవాడు.
ఇలోయిలో చేపల బజారులో అందరూ అతన్ని
మీ ఆయన అనే అంటారు నాతో.
నేను కాదనను. అవుననీ అనను.
ఎవరు వింటారోనని.

ఆదివారం గుడిలో సత్ప్రసాదానికి అందరూ లేస్తారు.
మేమిద్దరం బల్ల మీదే,
మోకాళ్లు పక్కకు తిప్పి, దాటేవాళ్లకు దారిస్తూ.
విచారణ గురువు ఫాదర్ అనిసెటో మొదట్లో మండిపడేవాడు.
తర్వాత్తర్వాత మెట్ల దగ్గర ఆపి
మెల్లగా అడగడం మొదలుపెట్టాడు:
"తేదీ ఎందాకా వచ్చింది?"

ఉంగరాలు ఎప్పుడో కొన్నాం.
బిస్కెట్ డబ్బాలో, దారం ఉండల కింద.
ఏడాదికోసారి తలుపేసుకుని పెట్టుకు చూస్తాం.
నాది ఇప్పుడు కణుపు దాటడం లేదు.

ఇక్కడి ప్రభుత్వం ఒక పత్రం ఇస్తుంది,
ఫలానా మనిషికి పెళ్లి జరిగిన దాఖలా ఏదీ లేదని.
పాతబడితే చెల్లదు, మళ్లీ తెచ్చుకోవాలి.
మూడోసారి నాకు జ్వరం.
తెల్లారి నాలుగింటికి వెళ్లి వరసలో నిలబడ్డాడు రోదెల్.
నేను అతని భార్యను కానని
తన డబ్బుతో రుజువు తెచ్చాడు,
చొక్కా లోపల పెట్టుకుని, వానకు తడవకుండా.
"ఎవరికి?" అని కౌంటర్లో అడిగితే
"తెలిసినావిడకి" అన్నాడట.
చెబుతూ నవ్వాడు.
నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

మనీలాలో అద్దం వెనక ఆమెకి
నా వయసే ఉంటుంది. వేలికి సన్నటి ఉంగరం.
"మీకెప్పుడైనా పెళ్లయిందా?"
"లేదు."
నిజమే చెప్పాను.
నా గొంతే నన్ను నమ్మలేదు.
"పాప తండ్రి?"
"బయటున్నాడు" అన్నాను.
ఆమె ఒక క్షణం తలుపువైపు చూసింది.
ముద్ర వేసింది.

రోడ్డుకు అవతల, ఎండలో,
మూడు ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తులతో రోదెల్.
"అయిందా?"
"అయింది."
ఆ తర్వాత లెక్క ఇద్దరికీ తెలుసు:
నేనూ లూమెనూ వెళ్లాలి,
నేను తిరిగొచ్చి అతన్ని చేసుకోవాలి,
మళ్లీ వెళ్లి అతని పేర అర్జీ పెట్టాలి.
అతనికో నంబరిస్తారు. అతనికో తేదీ.

చాలాసేపటికి అడిగాడు,
"అందులో నాకు మొదటి గడే కదా?"

లూమెన్ అప్పటికే సగం పొత్తు తినేసింది,
గింజలు గౌను నిండా.
జీప్నీ వచ్చింది. చిల్లర ముందుకు చాచి
డ్రైవరుతో గట్టిగా అన్నాడు:
"ముగ్గురం. కలిసే."